పేరు పెట్టని మట్టి

మా అవ్వ పోయిన తర్వాత ఆమె సామాన్లు పంచుకునే రోజున ఇత్తడి బిందెలకీ, గంగాళానికీ, రోలుకీ ఎవరో ఒకరు ముందుకొచ్చారు. చివరికి మిగిలిపోయింది ఊరగాయ జాడీ. పైన బెల్లం రంగు, కింద మీగడ రంగు. ఖాళీగా ఉన్నా చేతులు లాగేసేంత బరువు. ఎవరూ వద్దంటే చిత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని నేనే తెచ్చుకున్నాను.

ఇప్పుడది మా వంటింటి కిటికీ పక్కన ఖాళీగానే ఉంది. నలుగురున్న ఇంట్లో ఏడాదికి సరిపడా ఊరగాయలు ఎవరు వేస్తున్నారు? ఇంత చోటు ఆక్రమించే జాడీ ఎందుకని పక్కింటావిడ ఓసారి అడిగింది. నాకు జవాబు తోచలేదు. పొద్దున కాఫీ కలుపుకుంటూ దాని గుండ్రటి పొట్ట మీద ఎండ పడడం చూస్తే బావుంటుంది, అంతే. ఆ మాట పైకి చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది. ఏదో ఒకరోజు ఊరగాయ వేద్దామని ఉంచానని అబద్ధమాడాను.

ఆ అబద్ధం గుర్తొచ్చి నవ్వుకున్నది రూత్ డక్‌వర్త్ జీవితం చదువుతున్నప్పుడు. మట్టితో శిల్పాలు చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఈవిడ అమెరికాలో, చికాగో నగరంలో, ఒకప్పుడు ఊరగాయల ఫ్యాక్టరీగా ఉన్న భవనాన్ని ఇల్లుగా చేసుకుని బతికింది. ఆమె చేసిన వస్తువుల్లో ఎక్కువ భాగం ఊరగాయకీ పనికి రావు, నీళ్లకీ పనికి రావు. ఎందుకివి అని అడిగిన వాళ్లకి ఆమె ఏ అబద్ధమూ చెప్పలేదు. అసలు వాటికి పేర్లే పెట్టలేదు.

హాంబర్గ్ నుంచి లివర్‌పూల్‌కి

రూత్ 1919 ఏప్రిల్ 10న జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టింది. పుట్టింటి పేరు విండ్‌ముల్లర్. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి యూదుడు, న్యాయవాది. తల్లి క్రైస్తవురాలు. చిన్నప్పుడు రూత్‌కి ఆరోగ్యం అంతంతమాత్రం. బొమ్మలు గీసుకుంటూ పెరిగింది. పెద్దయ్యాక బొమ్మల చదువే చదవాలనుకుంది.

ఆమెకి పద్నాలుగో ఏడు నడుస్తుండగా, 1933లో, హిట్లర్ గద్దెనెక్కాడు. 1935లో వచ్చిన చట్టాలు యూదులకి పౌరసత్వం లేకుండా చేశాయి. తండ్రి యూదుడైతే చాలు, తల్లి ఎవరైనా సరే, ఆ పిల్లలకి ఒక్కొక్క తలుపూ మూసుకుపోయింది. రూత్‌కి కళాశాల తలుపు అలాగే మూసుకుపోయింది. చదువులో వెనకబడినందుకు కాదు, ఫీజు కట్టలేకా కాదు. ఫలానా తండ్రికి పుట్టినందుకు.

1936లో, పదిహేడేళ్ల వయసులో, ఆమె ఇల్లూ ఊరూ దేశమూ వదిలి ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఉన్న అక్క దగ్గరికి చేరింది. మన తిరుపతిలో ఈరోజు వీధికి నాలుగిళ్లలో పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వాళ్లకి వెనక్కి రావడానికి ఒక ఇల్లుంటుంది, సంక్రాంతికి ఎదురుచూసే తల్లి ఉంటుంది. రూత్ ప్రయాణం అలాంటిది కాదు. తిరిగి వెళ్లే దారి లేకుండా వెళ్లడం అది.

లివర్‌పూల్ కళాశాలలో చేరేటప్పుడు జరిగిన ముచ్చట ఒకటుంది. బొమ్మలు గీయడం నేర్చుకుంటావా, రంగులు వేయడమా, శిల్పమా అని అక్కడి వాళ్లు అడిగారట. మూడూ కావాలంది. అలా కుదరదు, ఒకటి ఎంచుకోవాలన్నారు. మైకెలాంజెలో మూడూ చేశాడు కదా అని ఎదురడిగింది రూత్. పరాయి దేశంలో, పరాయి భాషలో, చేతిలో ఏమీ లేని పదిహేడేళ్ల ఆడపిల్ల అడిగిన ప్రశ్న అది. పొగరనుకున్న వాళ్లు అనుకుని ఉంటారు. నాకు మాత్రం ఆ పిల్లని చూస్తే ముచ్చటేస్తుంది.

బొమ్మలాట, తూటాలు, సమాధి రాళ్లు

1940లో చదువు ముగిసేసరికి యుద్ధం మొదలై ఏడాదవుతోంది. కళాకారులకి పనెవరిస్తారు? రూత్ ఒక తోలుబొమ్మలాట లాంటి బృందంలో చేరింది. మన దగ్గర తోలుతో చేస్తారు, అక్కడ కొయ్యతో. ఉత్తర ఇంగ్లండు ఊళ్లు తిరుగుతూ ఆ బొమ్మలు చెక్కింది, ఆడించింది. రెండేళ్ల తర్వాత మాంచెస్టర్‌లో మందుగుండు సామాను చేసే ఫ్యాక్టరీలో కార్మికురాలైంది. తనని వెళ్లగొట్టిన ప్రభుత్వాన్ని ఓడించే యుద్ధంలో తన వంతు అదనుకుంది. కానీ ఆ తూటాలు వెళ్లి తగిలేది తను పుట్టిన నేల మీదే కదా. ఆ ఏళ్ల బరువు ఆమె మనసు మీద చాలాకాలం ఉండిపోయింది. మానసిక చికిత్స కూడా తీసుకుంది.

తర్వాత లండన్ చేరి రాతి చెక్కడం నేర్చుకుంది. పొట్ట గడవడానికి సమాధి రాళ్ల మీద పూలూ తీగలూ చెక్కింది. ఇది చిన్న పనేమీ కాదు. రాయి ఒకసారి పోతే మళ్లీ అతుక్కోదు. ఉలి ఎక్కడ ఆపాలో తెలియడమే అందులో చదువు. ముందుముందు మట్టి పట్టుకున్నప్పుడు ఆమెకి ఈ నిగ్రహమే అక్కరకొచ్చింది.

1949లో ఏడ్రన్ డక్‌వర్త్ అనే కళాకారుణ్ణి పెళ్లి చేసుకుంది. అలా విండ్‌ముల్లర్ కాస్తా డక్‌వర్త్ అయింది. 1960ల్లో ఆ పెళ్లి విడిపోయింది గానీ, అప్పటికే చేసిన పనికి అంటుకుపోయిన ఆ ఇంటిపేరు చివరిదాకా ఉండిపోయింది.

లూసీ రీ ఇచ్చిన సలహా

మట్టి ఆమె చేతికి వచ్చేసరికి ముప్ఫయ్యయిదు దాటాయి. ఈ మాట కాస్త ఆగి చదవండి. ముప్ఫయ్యయిదు దాటాక ఇంకేం నేర్చుకుంటాంలే అని మనలో ఎంతమంది సంగీతం పుస్తకాన్నో, కుట్టుమిషన్నో మూలన పెట్టేయలేదూ?

ఆ రోజుల్లో లండన్‌లో భారతీయ కళా ప్రదర్శన ఒకటి చూసింది రూత్. అది ఆమెని పట్టి కుదిపింది. రాతి నుంచి మట్టి వైపు మళ్లడానికి ఒక కారణం మన దేశపు బొమ్మలేనంటే మనకి కాస్త గర్వంగానే ఉంటుంది. అయితే మట్టి గురించి, దాని మీద పూసే గ్లేజు గురించి ఆమెకి ఏమీ తెలియదు. అడగడానికి లూసీ రీ దగ్గరికి వెళ్లింది.

లూసీ రీ కూడా ఇల్లు వదిలి వచ్చిన మనిషే. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పేరున్న కుమ్మరి కళాకారిణి. యూదురాలు కావడంతో 1938లో పారిపోయి లండన్ చేరింది. అక్కడ ఆమె పేరెవరికీ తెలియదు. యుద్ధకాలంలో బట్టల దుకాణాలకి సిరామిక్ బొత్తాలు చేసి అమ్ముకుంటూ పొయ్యి వెలిగించుకుంది. తర్వాత సన్నటి గోడల గిన్నెలతో, ఎత్తు మెడల సీసాలతో ఇంగ్లండులో ఆ కళకే పెద్దమ్మ అయింది. 1995లో చనిపోయింది.

రూత్ అడిగిన ప్రశ్నలకి లూసీ రీ ఒక్కొక్కటిగా జవాబులు చెప్పి పంపేయలేదు. ఇలా ముక్కలు ముక్కలుగా కుదరదు, బడికి వెళ్లి మొదటి నుంచీ నేర్చుకోమంది. ఆ సలహా విని 1955లో హామర్‌స్మిత్ కళాశాలలో, ఏడాది తిరక్కుండానే సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌లో చేరింది రూత్. కొన్నేళ్లకి అక్కడే పాఠాలు చెప్పింది.

సారె దిగిన మట్టి

అప్పటి ఇంగ్లండులో మట్టిపనికి బెర్నార్డ్ లీచ్ అనే ఆయన మాటే వేదం. జపానులో నేర్చుకుని వచ్చి 1920లో సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో ఆవం పెట్టిన గొప్ప కుమ్మరి ఆయన. గిన్నె గిన్నెలా, కూజా కూజాలా ఉండాలి, రోజువారీ వాడకానికి రావాలి, సారె మీద తీర్చాలి అన్నది ఆ సంప్రదాయం. అందులో తప్పేమీ లేదు. మా అవ్వ జాడీ కూడా ఆ న్యాయం ప్రకారం పుట్టిందే.

రూత్‌కి మాత్రం అది చాల్లేదు. ఆమె కుమ్మరిగా రాలేదు, శిల్పిగా వచ్చింది. సారె తిరిగితే ఏ వస్తువైనా గుండ్రంగానే వస్తుంది. ఆమెకి ఒక పక్క ఉబ్బి, ఒక పక్క లోతుగా నొక్కుకుపోయి, నీళ్లకి అరిగిన గులకరాయిలాగా, కొండచరియలాగా ఉండేవి కావాలి. అందుకని చేత్తోనే కట్టడం మొదలుపెట్టింది. మనం చిన్నప్పుడు మట్టితో పాములు పేనేవాళ్లం కదా, అలా పొడుగ్గా పేని చుట్ట మీద చుట్ట పెట్టి అతికిస్తూ పోవడం. లేదా చపాతీలా ఒత్తిన మట్టి పలకల్ని మడిచి నిలబెట్టడం. అలా చేసిన పెద్ద పెద్ద గుండ్రటి పాత్రలు కొన్నింటిని అమ్మ కుండలని పిలిచేవారు. నిండు గర్భిణిని చూసినట్టుంటుంది వాటిని చూస్తే.

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు పలమనేరు దగ్గర రోడ్డు పక్కన వరసగా పేర్చిన మట్టి బొమ్మలూ, పూలకుండీలూ మీరు చూసే ఉంటారు. అక్కడ ఆగినప్పుడల్లా నాకొకటే కనిపిస్తుంది. మట్టి తొక్కేదీ పిసికేదీ, రంగులద్దేదీ, ఎండకి పెట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కానీ సారె ముందు కూర్చునేది మగవాళ్లు. మన దేశంలో చాలాచోట్ల కుమ్మరి సారెని ఆడవాళ్లు తాకకూడదన్న కట్టు తరతరాలుగా ఉండేది. ఇంగ్లండులో ఆ కట్టు లేదు. రూత్ సారెని వద్దనుకున్నది తన ఇష్టం కొద్దీ. అయినా ఆమె చేసి చూపించింది మన కుమ్మరి ఇళ్ల ఆడవాళ్లకి ఎప్పుడూ తెలిసినదే. సారె లేకపోయినా మట్టి చేతి మాట వింటుంది.

ఇక్కడ మట్టి రకాల గురించి రెండు మాటలు. పలమనేరు ఎర్రమట్టి వెయ్యి డిగ్రీల లోపు వేడికి కాలుతుంది. దానికి కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. అందుకే కుండ చెమరుస్తుంది, నీళ్లు చల్లబడతాయి. జాడీ మట్టి వేరు. పన్నెండు వందల డిగ్రీలు దాటి కాలి రాయిలాగా గట్టిపడుతుంది. అందుకే దీన్ని స్టోన్‌వేర్ అంటారు. ఉప్పూ నూనే ఏళ్ల తరబడి ఉన్నా ఊరదు. మూడోది తెల్లటి పింగాణీ. పల్చగా చేస్తే వెలుతురు అవతలికి కనిపించేంత నాజూకు, ఆవంలో కాస్త అటూ ఇటూ అయితే ఒరిగిపోయేంత మొండి. రూత్ జాడీ మట్టితో బండల్లాంటి శిల్పాలు చేసింది, పింగాణీతో పూరేకుల్లాంటివి చేసింది. చిన్న కప్పులాంటి రూపం మధ్యలో కత్తివాదరలాంటి సన్నటి పలకని నిలబెట్టిన ఆమె పింగాణీ శిల్పాలు ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు.

చికాగోలో నాలుగు గోడలు, ఒక ఆకాశం

1964లో చికాగో విశ్వవిద్యాలయం నుంచి పాఠాలు చెప్పమని పిలుపొచ్చింది. కొద్దికాలానికని వెళ్లింది. నలభయ్యయిదేళ్ల వయసులో రెండోసారి సముద్రం దాటి, మిగతా జీవితమంతా అక్కడే ఉండిపోయింది. 1977 దాకా ఆ విశ్వవిద్యాలయంలోనే మిడ్‌వే స్టూడియోస్‌లో బోధించింది.

వెళ్లిన మూడేళ్లకి పెద్ద పని ఒకటి చేతికొచ్చింది. భూగర్భం, వాతావరణం గురించి చదువుకునే కొత్త భవనంలో లోపలికి అడుగుపెట్టే గదిని మట్టితో నింపాలి. నాలుగు గోడలూ, పైకప్పూ కలిపి నాలుగు వందల చదరపు అడుగులు. మన ఇళ్లలో రెండు గదుల నేలంత. 1967, 68 సంవత్సరాల్లో ఆమె దాన్ని పూర్తి చేసింది. పేరు భూమి, నీరు, ఆకాశం. పేరు పెట్టిన కొద్ది పనుల్లో ఇదొకటి. ఉపగ్రహాలు తీసిన భూమి ఫొటోలు అప్పుడప్పుడే బయటికొస్తున్న కాలం. మనిషి చంద్రుడి మీద ఇంకా కాలు పెట్టలేదు. రూత్ ఆ ఫొటోలు తెప్పించుకుని చూసి, కొండల మడతలూ, లోయల చీలికలూ గోడల మీదికి తెచ్చింది. నెత్తి మీద పింగాణీ మేఘాలు వేలాడదీసింది.

ఇంత పెద్దది ఒక్క ముక్కగా కాలదు. ముక్కలుగా చేసి, ఆరబెట్టి, విడివిడిగా కాల్చి గోడకి అతకాలి. మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. మొత్తం మీద పదో వంతు దాకా తగ్గుతుంది. అంటే చేసేటప్పుడు సరిపోయింది కాలాక సరిపోదు. తగ్గేది ముందే లెక్కేసుకుని పెద్దగా చేయాలి. అయినా పగిలేది పగులుతుంది. అప్పడాలు ఎండబెట్టిన చేతులకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

1976లో మరో పెద్ద కుడ్యశిల్పం చేసింది. మిషిగన్ సరస్సు మీది మేఘాలు దాని పేరు. రెండు వందల నలభై చదరపు అడుగులు. చికాగోలో దాన్ని చేయించుకున్నది డ్రెస్డ్‌నర్ బ్యాంక్ అనే జర్మన్ సంస్థ. నలభై ఏళ్ల కిందట తనకి చదువుకునే చోటు లేదన్న దేశం నుంచి వచ్చిన బ్యాంకు ఆమె చేతిపనితో తన గోడని అలంకరించుకుంది. జర్మనీ కొండలు కాదు, తను బతుకుతున్న ఊరి సరస్సునీ, దాని మీది మబ్బునీ చేసిచ్చింది రూత్. 1980ల్లో ఇండియానా రాష్ట్రంలోని హామండ్ ఊళ్లో యూదుల ప్రార్థనా మందిరానికి సృష్టి అనే కుడ్యశిల్పం కూడా చేసింది. తండ్రి వైపు మూలం, దేనివల్లనైతే దేశం వదలాల్సొచ్చిందో అది, అలా మట్టిలోకి తిరిగొచ్చింది.

ఊరగాయల ఫ్యాక్టరీలో ఇల్లు పెట్టుకున్నది నగరానికి ఉత్తరాన లేక్‌వ్యూ అనే పేటలో. కింద పని, పైన కాపురం. ఎత్తయిన కప్పు, విశాలమైన నేల, పెద్ద పెద్ద శిల్పాలకి కావలసినంత చోటు. వయసు మీద పడుతున్నా ఆ మెట్లు దిగి వచ్చి మట్టి ముట్టుకోని రోజులు తక్కువ. ఆ దశలోనే కంచు శిల్పాలూ పోతపోయించింది.

ఇదేం బొమ్మ అని అడిగితే

రూత్ పనుల్లో చాలావాటికి కింద ఉండేది ఒక్కటే మాట. శీర్షిక లేదు. ఒకటి చూస్తే పక్షి రెక్కలా ఉంటుంది, ఇంకోటి తల వంచుకున్న మనిషిలా, మరోటి చీలిన విత్తులా. ఏదీ ఫలానా అని చెప్పలేం. పేరు పెడితే చూసేవాళ్లు పేరే చూస్తారు, బొమ్మ చూడరు. అందుకే ఆ పని చూసేవాళ్లకే వదిలేసింది.

అర్థం కాని కళ మనకెందుకు అని కొందరు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నదాన్నే. కానీ ధనుర్మాసంలో మన వీధుల్లో మెలికల ముగ్గు వేస్తాం కదా. చుక్కల చుట్టూ ఒకే గీత తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది. అది పువ్వా, పక్షా, పామా? ఏదీ కాదు. ఇదేం బొమ్మ అని ఎవరూ అడగరు. మెలిక సరిగ్గా కలిసిందా లేదా అని చూస్తారు, కలిస్తే కళ్లు చల్లబడతాయి. సాయంత్రానికి చెరిగిపోతుందని తెలిసీ చలిలో వంగి వేస్తాం. పేరు లేని రూపాన్ని చూసి ఆనందించడం మనకి రోజూ అలవాటే. దానికి కళ అన్న మాట మనం వాడలేదు, అంతే తేడా.

మొదట్లో ఆమె పనిని కుమ్మరులు తమదనలేదు, శిల్పులూ తమదనలేదు. పాత్ర అనడానికి వాడకానికి రాదు. శిల్పం అనడానికి రాయీ కాదు, కంచూ కాదు, వంటింటి మట్టి. రెండిళ్ల మధ్య గడపలో నిలబడ్డ మనిషిలా చాలా ఏళ్లు గడిపింది. జర్మనీలో యూదుల పిల్ల, ఇంగ్లండులో జర్మన్ పిల్ల, అమెరికాలో ఇంగ్లండు నుంచి వచ్చినావిడ. గడపలో నిలబడడం ఆమెకి కొత్త కాదు. ఎటో ఒకవైపు వెళ్లమన్న ఒత్తిడికి లొంగలేదు. మూడూ నేర్చుకుంటానన్న పదిహేడేళ్ల పిల్ల ఎనభై ఏళ్లు దాటినా అదే మాట మీద ఉంది.

ఆలస్యంగానైనా లోకం ఆ గడప దగ్గరికే వచ్చింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆమె శిల్పాలని దాచుకున్నాయి. 2005లో, ఎనభయ్యారో ఏట, జీవితకాలపు పనిని ఒక్కచోట పేర్చిన పెద్ద ప్రదర్శన న్యూయార్క్‌లో మొదలై అమెరికాలోని మ్యూజియాలు తిరిగింది. దాని పేరులో ఆమెని కుమ్మరి అనలేదు, శిల్పి అన్నారు. 2009 అక్టోబర్ 18న చికాగోలో కన్నుమూసింది. అప్పటికి తొంభై ఏళ్లు. 2023లో చికాగో విశ్వవిద్యాలయంలోని స్మార్ట్ మ్యూజియం మరో ప్రదర్శన పెట్టి ఆమెని కొత్త తరానికి చూపించింది.

మనలో చాలామంది పనులు చేస్తూనే వాటికి సాకులు వెతుక్కుంటాం. అల్లిక అల్లితే సోఫా మీదికని, బొమ్మ గీస్తే పిల్లల బడి కోసమని, కథ రాస్తే ఏదో పొద్దుపోక అని. ఆఖరుది నా సాకే. పదిహేనేళ్లుగా చెప్తున్నాను. పనికొచ్చేదే చేయాలి, లేదా పనికొస్తుందని చెప్పుకోవాలి అన్న భయం ఎప్పుడు పట్టుకుందో తెలియదు. రూత్‌కి ఒక ప్రభుత్వమే నువ్వు పనికి రావంది. దానికి జవాబుగా ఆమె ఎవరికీ పనికి రాని అందమైన వస్తువులు డెబ్బయ్యేళ్ల పాటు చేస్తూ పోయింది.

నిన్న జాడీ దుమ్ము తుడిచి మళ్లీ కిటికీ పక్కనే పెట్టాను. పక్కింటావిడ ఈసారి అడిగితే చూసుకోవడానికి పెట్టుకున్నానని చెప్తాను.